మిగతా సగం

హడర్స్‌ఫీల్డ్‌లో రోహిణి కార్తె.
రోళ్ళు పగలాల్సిన రోజులు.
రెండు స్వెట్టర్లు వేసుకుని
వంగనారు ముందు గొంతుక్కూర్చుని
నోటి ఆవిరితో దాన్ని కాస్తున్నాను.

కౌన్సిల్ వాళ్ళ కొండవాలు ఇది.
ఏడాదికింతని కట్టి
ముక్కలుగా పంచుకున్న నేల.
నాది పద్నాలుగు, ఎనిడ్‌ది పన్నెండు.
మధ్యలో పదమూడు లేదు.
ఆ అంకె రాయడానికి ఎవరికీ చెయ్యి రాలేదట.

ఎనిడ్‌కి ఎనభై మూడు.
మట్టి వెచ్చబడిందో లేదో
మోచెయ్యి ఆనించి చూస్తుంది,
పసిబిడ్డ స్నానానికి నీళ్ళు చూసినట్టు.
వాళ్ళ తాతయితే
పంట్లాం కిందికి లాగి చాల్లో కూర్చునేవాడట.
జిల్లుమంటే
బార్లీ విత్తనం మళ్ళీ గాదెకే.
చెప్పి, కట్టుడుపళ్ళు జారేంత నవ్వింది.

పార్స్లీ గురించి మాత్రం నవ్వదు.
ఆ గింజ మొలిచేముందు
తొమ్మిదిసార్లు సైతాను దగ్గరికి పోయొస్తుందట,
అందుకే అంత ఆలస్యం.
"మరి మా కరివేపాకు ఎవరి దగ్గరికి పోయిందో
మూడేళ్ళయినా రాలేదు" అన్నాను.
"వీసా దొరకలేదేమో" అంది.

నేనూ నా వంతు చెప్పాను.
పిందెకేసి వేలు చూపితే కుళ్ళిపోతుందని,
తప్పకపోతే మడిచి చూపాలని.
అప్పట్నించీ తన గుమ్మడికి
మడిచిన వేలే.
వాళ్ళ డాక్టరు కీళ్ళవాతం అనుకున్నాడు.

దీపాలు పెట్టాక ఆకు కోయకూడదు,
చెట్టు నిద్రపోతుంది అన్నాను.
"జూన్‌లో ఇక్కడ పదిదాకా వెలుగే.
పాపం, అదెప్పుడు పడుకోవాలి?"
జవాబు లేదు నా దగ్గర.
పైడమ్మత్తని ఈ ప్రశ్న
బొబ్బిలిలో ఎవరూ అడిగుండరు.

ఆ మరుసటి మార్చి.
గట్టుమీది ఎల్డర్ చెట్టు నీడ
నా గాజుగదిని కమ్మేస్తోందనీ
కిందటేడు పొట్లతీగ పాకలేదనీ
కమిటీ ట్రెవర్‌తో చెప్పుకున్నాను.
కొట్టేసుకో అన్నాడు.
రంపం పట్టుకెళ్ళాను.

గంబూట్లతో ఎంత పరుగు సాధ్యమో
అంత పరుగున వచ్చింది ఎనిడ్.
"అడక్కుండానా?"
అందులో ఒక ముసలితల్లి ఉంటుందట.
కట్టె ఇమ్మని అడగాలట,
నేను చెట్టునైనప్పుడు
నా కట్టె నీకిస్తానని మాటివ్వాలట.
"ఇంగ్లీషులోనే అడగాలా?"
"ఇంగ్లీషు కంటే పెద్దదది.
నీ నోటికేదొస్తే అది."

రంపం కింద పెట్టాను.
చెప్పులు విడవాలనిపించింది,
బురద చూసి బూట్లతోనే నిలబడ్డాను.
మునగచెట్టు కొట్టించిననాడు
పైడమ్మత్త అన్న మాటలు
ఎక్కడ దాక్కున్నాయో ఇన్నాళ్ళూ:

"ఓలమ్మా, లోపలెవులున్నా
పక్కకి జరగండి.
గూడుంటే సర్దుకోండి.
అవసరానికే గానీ
కడుపుమంటకి కాదు."

కొమ్మ కదల్లేదు.
కంచెమీది నల్లపిట్ట
తోక ఒకసారి ఎత్తి దించింది.

"వద్దనలేదుగా," అంది ఎనిడ్,
"ఒప్పుకున్నట్టే."
వీళ్ళ లెక్కలో మౌనమంటే పూర్తి అంగీకారం.
మా భాషలో సగమే.
ఎవరి లెక్క పాటించాలి,
చెట్టు వాళ్ళది,
అడిగిన మాట నాది.

సగమే కోశాను.
నావైపు వాలిన రెండు కొమ్మలు, అంతే.
మంగలిషాపులోంచి
మధ్యలో లేచొచ్చినట్టుందన్నాడు ట్రెవర్.

జూన్‌లో ఆ మిగిలిన సగం
ఆరబోసిన వడియాల్లా పూసింది.
ఎనిడ్ పూలగుత్తులు పంచదారనీళ్ళలో నానేసి
రెండు సీసాలు నా గుమ్మంలో పెట్టిపోయింది.
ఆ పానకం నాకు నచ్చలేదు.
చెప్పలేదు.

ఆగస్టులో పొట్లకాయ ఒకటే దిగింది,
అదీ వంకర్లు పోతూ.
నవారు ముక్కతో దాని కొసకి
చిన్న రాయి కట్టాను.
"ఏం తప్పు చేసిందది?"
"తిన్నగా పెరగాలని."
ఎనిడ్ కాసేపు చూసింది.
వంగిపోయిన తన నడుంమీద
చెయ్యి వేసుకుని
"నాకెవరూ కట్టలేదు" అంది.

ఈ కొండమీద రాళ్ళకేం కరువు.
మాటకోసమే
చాలాసేపు తడుముకున్నాను.