వెనక రాసిన చిల్లర

ఉత్తరం కార్న్‌వాల్ నుంచి వచ్చింది.
పాస్టరు గారు చదివి, మడిచి,
"ఓబద్యా గారూ, ఇనప్పెట్టె తాళం మీ దగ్గరేగా" అన్నారు.
రాసినావిడ మార్జరీ పాస్కో. డెబ్బై ఎనిమిదేళ్ళు.
మోకాళ్ళు ఒప్పుకోవడం లేదట, లేకపోతే తనే వచ్చేదట.
వాళ్ళ తాతకు చిన్నతాత ఒకాయన
పాదిరిగా ఓడెక్కి బెజవాడ వచ్చాడు,
తిరిగి వెళ్ళలేదు.
దేనితో పోయాడు? సమాధి ఎక్కడ?
పెళ్ళి, పిల్లలు?

మాకు ఆయన పస్కా దొర.
పాస్కో అనడం రాని మా పేట
నిర్గమకాండంలో దొరికిన మాటతో సరిపెట్టుకుంది.

మే నెల. కొండరాళ్ళు రాత్రికి కూడా చల్లారని బెజవాడ.
పెట్టె ఉన్న గదిలో ఫ్యాను వేయకూడదు, కాగితాలు లేచిపోతాయి.
ముప్పై ఒక్కేళ్ళు బందరు రూట్లో టికెట్లు చింపిన వేళ్ళు
నాలిక దాకా వెళ్ళి
ఆగిపోతాయి.
ఈ పుస్తకాలకు ఉమ్మి పనికిరాదు.
వెదురుపుల్లతో తిప్పాలి,
పుండు మీది గుడ్డ తీసినట్టు.

పురుగు తిన్నచోట సంవత్సరాలు లేవు.
ఉన్నచోట ఆయన చేతిరాత,
ఎదురుగాలిలో నడిచే మనిషిలా ముందుకు ఒరిగి.
బాప్తిస్మాలు నూట పధ్నాలుగు. పెండ్లిండ్లు పంతొమ్మిది.
భూస్థాపనలు లెక్కపెట్టడం మానేశాను.
వాంతిభేది ఏడాది ఒక్క పేజీలో ఇరవై రెండు.
ఆ తర్వాత రాత మారింది.
ఇరవై మూడో పేరు ఆయనదే,
ఎవరో రాశారు, ఒక అక్షరం తప్పుతో.

సమాధి రాయి సంగతి ఏం రాయను?
కాలవగట్టున ఉండేదని మా మేనత్త చెప్పేది.
చెక్కిన అక్షరాలు బట్టల్ని చింపుతున్నాయని
బోర్లా వేసి ఉతికేవారట.
కాలవ వెడల్పు చేసినప్పుడు ఆ రేవూ పోయింది.

పెట్టె మూయబోతూ చూశాను.
ఆయన పోవడానికి ఐదు నెలల ముందు:
బాలిక. వయసు మూడేళ్ళని అంచనా.
ఆనకట్ట లాకుల దగ్గర దొరికినది.
తల్లి పేరు: తెలియదు.
తండ్రి పేరు దగ్గర ఒక గీత.
మిగతా పేజీల్లో గీతలన్నీ గబగబా గీసినవే,
దీని దగ్గర కలం ఆగింది, సిరా బొట్టు కట్టింది.
పెట్టిన పేరు: టామ్సిన్.

రెండుసార్లు లోపల చదివాను.
మూడోసారి పైకి.

మా ఇంట్లో ఎవరు ఆలస్యంగా వచ్చినా
"తామసమ్మ సంతతిరా వీడు" అనేవారు.
తామసమ్మ మా నాయనమ్మకి అమ్మమ్మ.
గుడికి ఆఖరి గంట మోగాక వచ్చేదని,
అన్నం ఉడికినంతసేపు గిన్నె కడిగేదని,
అందుకే ఆ పేరని.
డిపోలో లేటు మార్కు పడ్డ రోజున
నేనూ ఆవిడనే తిట్టుకున్నాను.
అసలు ఆవిడ నెమ్మదస్తురాలో కాదో
ఎవరికి తెలుసు.

మార్జరీ గారు పంపిన వంశవృక్షం విప్పాను.
పస్కా దొర పైన, తల్లి గడిలో,
వణికే నీలం సిరాతో:
టామ్సిన్.

అద్దంలో చూసుకున్నాను.
నల్లని కళ్ళు, నల్లని ఒళ్ళు, మా నాన్న ముక్కు.
అది దేనికీ రుజువు కాదు.
తల్లి మీది బెంగను ఒక దిక్కులేని పిల్లకు తొడిగాడా,
లేక ఆ బొట్టు కట్టిన సిరాయే నిజమా?
జాలి కూడా చెయ్యి వణికిస్తుంది.
గీతకు నోరు లేదు.

జవాబు రాశాను. వాంతిభేది అని.
రాయి నీళ్ళపాలయిందని, క్షమించమని.
మూడో ప్రశ్న దగ్గర టీ చల్లారిపోయింది.

మా బస్సులో చిల్లర లేనప్పుడు
టికెట్ వెనక అంకె వేసి, గుండ్రం చుట్టి,
దిగేటప్పుడు తీసుకోమనేవాణ్ణి.
కొందరు మరిచిపోయి దిగిపోయేవారు.
కంకిపాడు దాటాక గుర్తొచ్చేది.
ఆ డబ్బు నా సంచీలోనే ఉండేది,
నాది కాకుండా.

కాగితం తిరగేశాను.
వెనక ఒక మూలన, తెలుగులో, తామసమ్మ అని రాసి
గుండ్రం చుట్టాను.