లెక్కల లేని వారం

యాసంగి కోతలైనంక
కాలువ కింది కొయ్యకాళ్ల మడుల్ల
బాతులోళ్లు దిగిండ్రు.
వెయ్యి బాతులు, ఒక డేరా, ఒక కుక్క,
జరంతోని మూలుగుతున్న పెంచలమ్మ.

నా సంచిల ఉన్నవే నాలుగు గోలీలు.
రెండు ఇచ్చిన.
నెల్లూరు మాటల్ల ఏందేందో చెప్పి నవ్వింది.
తెల్లారి వాళ్ల మనిషి
తువ్వాల కొసకు ఐదు గుడ్లు మూటగట్టి తెచ్చిండు.
"పొదగేసుకో అక్కా. దినామూ కాసిని నీళ్లు చిలకరించు,
నీళ్లలో తిరిగే పేణం గదా."

మా కాకిపెట్ట అప్పటికే గంప కింద
ఉత్త నేలను పొదుగుతున్నది.
దగ్గరికి పోతె ఈకలు లేపి
అత్తగారి లెక్క గుర్రుమంటది.
పాత చాటల ఇసుక, మీద వరిగడ్డి,
దిష్టికి బొగ్గు, ఎండు మిరపకాయ,
ఉరుముకు గుడ్లు మురగకుండ ఒక ఇనుప మొల.
ఊరందరికి ఐరన్ గోలీలు పంచేదాన్ని,
మొల ఎందుకని నన్నడగకుండ్రి.

నా రిజిస్టర్‌ల ఊరి నెలలన్ని ఉంటయ్.
ఎవరికి నెల తప్పింది, ఎవరికి ఎన్నో సూది,
ఎవరి డేటు ఎప్పుడు.
కడపటి పేజీల కాకిపెట్టను గూడ ఎక్కించిన.

కోడికి ఇరవై ఒక్కటి.
అది దాని ఒంట్లనే రాసుంటది.
బాతుకు ఇరవై ఎనిమిది.
నడుమ ఉన్న వారం సంగతి
దానికి ఎవరు చెప్పాలె?

ఇరవై ఒకటో నాడు లేచింది.
గంప చుట్టు తిరిగింది.
ఒక్కొక్క గుడ్డును ముక్కుతోని దొర్లించి చూసింది.
నాలుగు నూకలు ఏరుకొని
మల్ల పోయి కూసున్నది.

పుల్లమ్మత్త గోడ మీదికెళ్లి తొంగిచూసి
"మురిగినయే, పారెయ్" అన్నది.
తండల ద్వాలికి డేటు దాటి మూడొద్దులు.
వాళ్లత్త నన్ను చూసి మొకం తిప్పుకున్నది,
కడుపుల బిడ్డను నేనే పట్టి ఆపినట్టు.
ఎండ నలభై నాలుగు.
కాకిపెట్ట నోరు తెరిచి రొప్పుతున్నది,
నెత్తిమీది తురాయి పాలిపోయింది.
నీళ్లు చిలకరిస్తె కండ్లు మూసుకుంటది.

రాత్రి సెల్లు లైటుకు గుడ్లు ఆనిచ్చి చూసిన.
నాలుగిట్ల నల్లగ, నిండుగ.
ఒకటి ఉత్త పసుపు వెలుగు.
ఆ ఉత్తదాన్ని తియ్యబోతె పొడిచింది.
ఇగ ఉంచిన.

ఇరవై ఆరు నాడు అర్ధరాత్రి ఫోను.
నూటెనిమిది బండిల హుజూర్‌నగర్ దాక
ద్వాలి అత్త నా చెయ్యి ఇడువలే.
ఆడపిల్ల. రెండు కిలోల తొమ్మిదొందలు.
బయట బల్ల మీద కూసొని చాయ తాగుకుంట
"ఇంటికాడ కోడిని పొదగేసిన" అన్న, ఊకెనే.
"ఎన్నో దినం?" అని అడిగింది ఆమె.
నన్ను ఆ మాట అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

అన్ని దినాలు లెక్కబెట్టి
అసలు దినం నేను లేను.
పీహెచ్‌సీల మీటింగు, సంతకాలు, ఫోటోలు.
పొద్దుగూకి వస్తుంటె వాడకట్టు మొగనే పుల్లమ్మత్త:
"నాలుగే! నా కండ్ల ముందట్నే ఎల్లినయ్.
మురగలేదని నేను ముందే అనలే?"

కాకిపెట్ట రెక్క సందుకెళ్లి
వెడల్పాటి ముక్కు ఒకటి బయటికి.
ఐదోదాన్ని మునగచెట్టు మొదట్ల పెట్టి
రిజిస్టర్‌ల రాసిన, ఐదుకు నాలుగని.
గడి ఖాళీగ ఇడుసుడు నాకు రాదు.

ఇంకో వారానికి
అంట్లు తోమిన నీళ్ల మడుగుల నాలుగూ దిగినయ్.
కాకిపెట్ట ఒడ్డు పొంటి ఉరికింది, అరిసింది,
రెక్కలు నేలకు కొట్టుకున్నది.
అవి మునుగుతయ్, తేలుతయ్, ఇనయ్.

చాన సేపటికి సప్పుడు ఆపింది.
ఒక కాలు నీళ్లల్ల పెట్టి, తీసి, దులుపుకొని,
అటిటు చూసి,
వంగి రెండు గుక్కలు తాగింది,
తాను వచ్చిందే అందుకైనట్టు.