మిగిలిన మరమేకు

అక్టోబరు. ఉత్తర డకోటాలో బీట్ దుంపల కోత.
గుట్టలు పోసే యార్డు పక్కన
వరసగా ఆగిన బండి ఇళ్లలో మాది పదకొండోది.

చక్రాల మీది కాపురం కదా,
బండి ఆగినా లోపల ఏదో ఒకటి ఆగదు.
మాకు, బట్టల అల్మరా జారుడు తలుపు.
ఎడమ మలుపులో తెరుచుకునేది,
కుడి మలుపులో మూసుకునేది,
గట్టిగా బ్రేకు వేస్తే పట్టా వదిలేసి
మంచం మీద బోర్లా పడేది.
మూడు రాష్ట్రాలు రబ్బరు తాడు కట్టి తెచ్చాం,
సంత నుంచి పెంకి దూడని తోలుకొచ్చినట్టు.

ఎల్డన్‌ది రాత్రి డ్యూటీ, లోడరు మీద పన్నెండు గంటలు.
నాది తెల్లవారుజాము నించి, కాటా గదిలో.
మధ్యాహ్నం రెండింటికి నేనొచ్చేసరికి
అతను మంచి నిద్రలో ఉంటాడు.
బురద చొక్కా మార్చుకుందామని తలుపు లాగితే
గడగడగడ, కీచు, ధన్.
దుప్పట్లోంచి ఒకే మాట: "వచ్చావా?"
మళ్లీ గురక.

పాపం అనిపించింది.
సెలవు రోజు గ్రాఫ్టన్ వెళ్లి
హార్డ్‌వేర్ కొట్టులో పాత చక్రం బల్ల మీద పెట్టాను.
చొక్కా గుండీ అంత ప్లాస్టిక్, అరిగి అరిగి నెలవంక.
ముసలి టోర్వాల్డ్ కళ్లజోడు పైకి నెట్టి
"దీని మీదా ఇంత దూరం వచ్చింది?" అన్నాడు.
బేరింగులున్న నైలాన్ చక్రాలు నాలుగు,
కొలతకి కోసిన అల్యూమినియం పట్టా,
ప్రయాణంలో పట్టి ఉంచే నొక్కుడు గడియ.
"మరమేకులు పొట్టివి తీసుకో. పొడుగైతే
బయటి రేకులోంచి మొన తేలుతుంది,
ఆనక వానంతా నీ పక్క మీదే."

బండి గోడ గోడ కాదు.
అట్ట, గాలి, మళ్లీ అట్ట.
మేకు తిప్పితే తిరుగుతూనే ఉంటుంది,
అన్నిటికీ ఊఁ కొట్టి
దేనికీ పట్టివ్వని మనిషిలా.
జిగురు రాసి సన్నటి చెక్క బద్ద అతికించి
రాత్రంతా బిగించి ఉంచితే గానీ కరవలేదు.

తలుపు ఎత్తి తగిలించాను.
చిటికెన వేలితో నెట్టాను.
పాల మీద మీగడ జరిగినట్టు జరిగింది.
లెక్క చూస్తే ఒక మరమేకు మిగిలింది.
ఎక్కడిదో తెలీదు. కాగితం రెండుసార్లు చదివాను.
జేబులో వేసుకున్నాను.

మర్నాడు రెండింటికి వచ్చాను.
తలుపు తీశాను, చొక్కా మార్చాను, మూశాను.
ఎల్డన్ లేవలేదు. గురక తాళం కూడా తప్పలేదు.
నేను కోరిందే.
రొట్టె తిన్నాను. కిటికీలోంచి
దుంపల లారీలు లెక్కపెట్టాను, నలభై రెండు.
రెండో రోజూ అంతే. మూడో రోజూ.
ఇంటికి వచ్చానని చెప్పడానికి
నాకు నేను తప్ప సాక్షి లేదు.

నాలుగో రోజు జేబులు ఖాళీ చేస్తుంటే
ఆ మేకు జారి (జారిందనే అనుకుందాం)
రేకు కప్పులో పడింది.
టంగ్.

"వచ్చావా?"

"ఆఁ, పడుకో."
కప్పు అక్కడే ఉంచాను.
మేకు తీసి
మళ్లీ జేబులో వేసుకున్నాను.