అట్టులా పడాలి

బుల్లై బీచిలో ఎర్రా పసుపూ జెండాల మధ్య
పిల్లలు ఇసుకలో గుంటలు తవ్వుకుంటుంటారు.
కాస్త ఉత్తరానికి నడిస్తే జెండాలుండవు, ఇసుకా ఉండదు.
నల్లరాతి అరుగొకటి నీళ్లలోకి దిగిపోతుంది.

గ్లెనిస్‌కి అరవై ఎనిమిది.
మోకాలి మీద పాత కుట్లు, జెర్రి పాకినట్టు.
"నిలువునా పడ్డావా, కాళ్లు పోతాయి.
పాన్‌కేక్‌లా పడు" అంది.
నాకు అట్టు అని వినిపించింది.

రాతి అంచున బోర్డు చంకన పెట్టుకుని లెక్కపెట్టాలి.
పెద్దవి ఐదొస్తాయి.
ఒక్కోసారి ఆరోది, చెప్పాపెట్టకుండా.
ఆ తర్వాత సముద్రం ఒక గుటక వేస్తుంది.
ఆ గుటకలో దూకాలి.

నిన్న దూకాను.
అల వెనక్కి లాగినప్పుడు నా కింద రాయి కనిపించింది:
నాచు, ఊదారంగు ముళ్లకాయలు,
ఎవరి బోర్డుదో విరిగిన ఫిన్ను.
చెయ్యి ముంచితే తగిలేంత దగ్గర.

లేచాను.
మూడు క్షణాలు, నాలుగేమో.
నీటి గోడ భుజం పక్కనే
కుచ్చిళ్లు పోసినట్టు మడతలు పడుతూ,
కాదు, ఇంకేదోలా,
పోలిక దొరికేలోపే పడ్డాను.

అట్టులానే.

ఒడ్డెక్కాక చూస్తే మడమ నుంచి రక్తం.
గ్లెనిస్ ఫ్లాస్కు మూతలో టీ వంచి ఇచ్చింది.
అటు జెండాల దగ్గర ఒక నాన్న
కూతురి చెయ్యి పట్టుకుని
చీలమండ లోతులో గెంతుతున్నాడు.
ఎవరికోసమో విజిల్ మోగింది.

"రేపు పడమటి గాలి" అంది గ్లెనిస్,
నావైపు చూడకుండా.
కట్టు బిగిస్తూ అడిగాను,
ఎన్నింటికి?