నాలుగు వందల పన్నెండు

నెల్లూరు పొదలకూరు రోడ్డులో టైర్ల షాపు మీద మేడ.
కింద ట్యూబులకు పంచర్లు వేస్తుంటారు,
పైన మేం రొయ్యల కాలేయాన్ని ఐసు మీద పెట్టి నూరుతుంటాం.

ఫ్రీజరులో రెండో అరలో ఆ సీసా.
గ్లూటాథయోన్, అయిదు గ్రాములు.
పిండివంటలో కలిసిపోతే పోల్చుకోలేనంత తెలుపు,
మూత తీస్తే మాత్రం
గదిలో ఏ మూలో ఒక కోడిగుడ్డు మురిగినట్టు వాసన.
ఆ వాసనే దాని సత్తా. గంధకం.

మూడు చిన్న ముక్కలు చేతులు పట్టుకుని నిలబడ్డ అణువు.
నడిమిదాని కొంగున గంధకం, గంధకానికి ముడేసి ఒక హైడ్రోజన్.
కణంలో ఎవడు మండిపడుతూ వచ్చినా
ముడి విప్పి ఇచ్చేస్తుంది.
ఇచ్చాక ఒంటరిగా ఉండలేదు,
తనలాగే ఇచ్చేసిన ఇంకోదాన్ని పట్టుకుని అతుక్కుపోతుంది,
మళ్లీ ఎవరో వచ్చి విడదీసి
చెరొకటి చేతిలో పెట్టేదాకా.

ప్రాణవాయువు అని పలక మీద దిద్దించారు మాకు.
తుప్పు కూడా దాని పనేనని
మైపాడులో మా పిన్నమ్మ ఇంటి కిటికీ ఊచలు చెప్పినయి,
ఆరేళ్లకే అప్పడాల్లా రాలిపోతూ.

బుధవారం పొద్దున పెంచలయ్య వచ్చాడు, గంగపట్నం నించి,
థర్మోకోల్ పెట్టెలో పద్నాలుగు రొయ్యలతో.
"రేత్రి కరెంటు పోయింది మేడమ్.
జనరేటర్లో డీజిల్ ఉండాదనుకున్నా. లేదు."
రెండున్నర నించి అయిదున్నర దాకా ఏరేటర్లు తిరగలేదు.
గట్టుకు చేరి నీళ్ల మీదికి మూతులెత్తినయంట అన్నీ.
గాలి లేక కొన్ని పోయినయి,
గాలి ఒక్కసారిగా తిరిగొచ్చాక ఇంకొన్ని.
ఆ రెండోది అతనికి అర్థం కాలేదు.
నాకు అర్థమై ఏం లాభం.

కోశాను, నూరాను, ఆమ్లం పోశాను, గిర్రున తిప్పి పైతేట తీశాను.
ఎల్‌మన్ ద్రావణం వేస్తే
బాగున్న రొయ్యకు గూడూరు నిమ్మతొక్క రంగు రావాలి.
వచ్చింది, పది ఉతుకులు పడ్డ పసుపు బట్ట రంగు.
యంత్రం నాలుగు వందల పన్నెండు దగ్గర దీపం పట్టి చూసింది.
సున్నా పాయింటు ఒకటి నాలుగు.

"అంటే?"
"ఉన్నదంతా ఖర్చు పెట్టేసినయి పెంచలయ్యా."
"ఆ పొడి మేతలో కలిపితే?"
సీసా ఎంతో చెప్పాను. చెరువు ఎన్నెకరాలో అతను చెప్పాడు.
ఇద్దరం కాసేపు నవ్వాం, నవ్వాల్సింది కాకపోయినా.

అతను పోయాక, గాజుసామాను కడిగే మస్తానమ్మ:
"ఇదేనంట గదమ్మా, సూదేస్తే తెల్లగా చేసేది?
ట్రంకురోడ్డులో పార్లర్లో వేస్తుండారంట.
మా కోడలు అడగమనింది."
సీసా తిప్పి అక్షరాలు చూపించాను.
ఆమెకు చదువు రాదని గుర్తొచ్చి చదివి వినిపించాను,
పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు.
"మనందరి ఒంట్లో ఉండేదే అని నువ్వే గదా చెప్పింది మొన్న.
మనుషుల్లో ఉండేది మనుషులకు పనికిరాదా?"

నా దగ్గరున్న జవాబు పొడుగు.
ఆమె అప్పటికే కుళాయి తిప్పింది.
నల్లటి ఆ ముంజేతుల మీద
ఆమ్లం చిందిన చోటల్లా తెల్లమచ్చలు, బియ్యపు గింజంతవి.
గ్లవ్సుకు ఇండెంటు ఏప్రిల్లో పెట్టాం.

బీకరులో మిగిలిన ద్రావణం సాయంత్రానికి గాలి తగిలి పాడైంది.
ఏ రోజుకారోజు కలుపుకోవాలని గోడ మీద నేనే రాసి అంటించాను.

రాత్రి పదకొండుకు ఫోను.
"నలభై లీటర్లు పోశా మేడమ్. ఇంటావుండారా?"
మాట కన్నా ముందు ఏరేటర్లు వినిపించాయి,
నీళ్లను కొడుతూ, కొడుతూ.

నోటుబుక్కులో అంకె పక్కన రిమార్కుల గడి ఖాళీగా ఉంది.
డీజిల్ అని రాశాను.
కొట్టేశాను. మళ్లీ రాశాను.