పై గీత పొట్టిగా

సంతపేటలో మా అంగడి పేరు మొగిలి ఆర్ట్స్.
చెక్క మింద, రేకు మింద, గోడ మింద
ముప్పై ఏళ్లుగా ఊరి పేరు రాస్తానే ఉండా.
చదివింది ఏడో క్లాసు. రాసింది నాలుగు భాషలు.

తోతాపురి ధర పడిపోయి
పల్ప్ ఫ్యాక్టరీల ముందర ట్రాక్టర్లు రెండు రోజులు నిలిచిన ఏడు
మున్సిపాలిటీ ఆఫీసు నుంచి కబురొచ్చింది.
జపాన్‌లో తోమికురా అనే ఊరు
మన చిత్తూరుతో అక్కచెల్లెళ్ల వరస కలుపుకుంటాదంట.
పెద్ద బోర్డు కావాల, శుక్రవారానికి.

"అక్క ఎవురు? చెల్లెలెవురు?"
మీటింగులో మొదట అడిగింది వార్డు మెంబరు సెల్వకుమారి.
కమిషనర్ సారు ఫైలు తిరగేసినాడు.
ఫైలు ఇంగ్లీషులో ఉండాది.
ఇంగ్లీషోళ్లు సిస్టర్ అనేసి చేతులు దులుపుకున్నారు,
ముందు పుట్టిందెవురో వాళ్లకు పట్టదు.
మనకట్లా కుదరదే!
చీర పెట్టేదెవురు, పెట్టించుకునేదెవురు,
అలిగితే ముందు మాట కలపాల్సిందెవురు?
గంటన్నర వాదించి, రెండుసార్లు టీ తాగి
"సోదరి నగరం" అని రాయమన్నారు,
ఎవురూ ఇంట్లో అనని మాట.

కింద వాళ్ల లిపి. నాలుగక్షరాలు.
జెరాక్సు కాగితం, అందులోనూ మసక.
గళ్లు గీసి, పెద్దది చేసి, దించేసినా.
నాకది రాత గాదు, ముగ్గు.
చుక్కలు కుదిరితే చాలనుకున్నా.

శుక్రవారం పొద్దున దిగినారు, పదకొండు మంది.
అందర్లోకి పెద్దామె, పేరు ఫుమియె,
బడిలో నలభై ఏళ్లు చేతిరాత నేర్పిన మనిషంట,
మెళ్లో దండ తీసి మణికట్టుకు చుట్టుకొని
బోర్డు ముందర నిలబడిపోయింది.
నవ్వలేదు. కోప్పడలేదు.
నా పక్క తిరిగి చెయ్యి చాపింది,
కుంచె కోసం.

తర్జుమా చేసే పిలగాడు శ్రీసిటీలో పని చేసేవాడు.
వాడు చెప్పింది ఇదీ:
మొదటి అక్షరం అక్క. రెండోది చెల్లెలు.
ఆ మాటలో ఇద్దరూ ఉండారు,
ఎవురు ఏ ఊరో మాత్రం అది చెప్పదు.
అక్కలో ఎడమ పక్క ఆడమనిషి, కుడి పక్క సంత.
"సంతా?" అన్నా. మా పేట పేరే అది.
కడపటి అక్షరమూ అదే బొమ్మని
గీసేటప్పుడే కనిపెట్టినా, పైకి అనలేదు.
సంతంటే ఊరు కూడానంట.
చెల్లెల్లో ఆడమనిషి పక్కన "ఇంకా కాలేదు".
రెండు అడ్డగీతలు. పైది పొట్టి, కిందది పొడుగు.
నేను పైది పొడుగు చేసినా.
అట్లా చేస్తే "అయిపోయింది" అంట.

మధ్యాన్నం నేనామెకు చిత్తూరు నేర్పించినా.
గుడి పెట్టింది, కొమ్ము పెట్టింది,
త కింద వత్తు మరిచిపోయింది.
చూపిస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని
శానా సేపు నవ్వింది.
అమెరికాలో వాళ్లకు ఇంకో తోబుట్టువు ఉండాదంట,
యాభై ఏళ్ల బంధం.
ఆ ఊరి పిల్లకాయలొచ్చి ఎండాకాలం వీళ్ల ఇండ్లలో ఉండిపోతారంట.
"ఆ ఊరు అక్కా, చెల్లెలా?"
"వాళ్లెప్పుడూ అడగలేదు" అనింది.

తర్వాత రెండు జాబులొచ్చినాయి, ఒక క్యాలెండరు.
కమిషనర్ మారినాడు, మెంబర్లు మారినారు.
ఇక్కడ్నుంచి పోవాల్సిన పిల్లకాయల లిస్టు
యాడో టేబులు సొరుగులో ఆగిపోయింది.
రోడ్డు వెడల్పు చేసినోళ్లు బోర్డు పీకి నీవా గట్టున పారేస్తే
ఆటోలో వేసుకొచ్చినా.
ఇప్పుడు అంగడి ముందర ఎండకు అడ్డం అదే.

ఎండకు ఎరుపు ముందు పోతాది, నీలం నిలుస్తాది.
ఏడాదికొకసారి మళ్లా దిద్దుతా.
ఎవురూ దిద్దమనలేదు, బిల్లూ రాదు.
నిచ్చెనెక్కి,
రెండో అక్షరం కాడ ఊపిరి బిగబట్టి,
పై గీత
పొట్టిగా.