అడగకముందే

పెద్దదవఖాన గేటుకెదురుంగ
టైర్ల షాపుకు, బోండాల బండికి నడుమ
నా జిరాక్సు డబ్బా.
మిషిన్ వేడెక్కకముందే పొద్దుగాల
ఇరువై మందికి తోవ చెప్పుడయితది.

అక్కా, చీటీ ఎక్కడ రాస్తరు?
రక్తం ఎక్కడ తీస్తరు?
ఆధార్ ఒక్కటి చాలునా?
పరకాల బస్సు ఈడ ఆగుతదా?
పైసల మిషిన్ ఏ దిక్కున్నది?
అడిగినోడు పక్కకు జరగంగనే
అదే మాట ఇంకో నోట్లెకెల్లి.

మొన్న కాదు, అటుమొన్న ఎండకాలం గొంతు పోయింది.
మూడు దినాలు సైగలే.
నాలుగోనాడు కాయితాల పెట్టె అట్ట చింపి
నల్ల మార్కరుతోని రాసి
షట్టరుకు సుతిలితో కట్టిన:

చీటీ – లోపలికి పోంగనే ఎడమచెయ్యి, మూడో కిటికి.
ఎనిమిదికి తెరుస్తరు. ఎనిమిదిన్నర అనుకోండ్రి.
ఆధార్ రెండు. మూడు తీసుకుంటే మల్ల ఉరుకుడుండది.
పరకాల బస్సు ఈడ ఆగది. చెయ్యెత్తితే ఆగుతది.
బాత్రూముకు చిల్లర పట్టుకపోండ్రి.

బోండాల కట్టయ్య నవ్విండు:
"నా ధర సుత రాయరాదు, అందరు అదే అడుగుతరు."
రాయలే.
ఆయన ధర మనిషి చెప్పులు చూసి మారుతది.

"అట్ట మీద ఏం రాసినవ్ బిడ్డా?"
అని అడుగుడు ఆ రోజుకెల్లి మొదలు.
చదువుకున్నోళ్లు సుత చదువరు.
కండ్లు అట్ట మీదనే ఉంటయి,
అడుగుడు నన్నే అడుగుతరు.
మనిషి నోట వింటెనే నమ్మకమేమో.

స్ట్రెచర్ తోసే ఓదెలు వచ్చి చెప్పిండు:
మూడో కిటికి మూసిండ్రు, ఐదుకు మార్చిండ్రు.
మూడు కొట్టేసి ఐదు రాసిన.
కొట్టేసిన మూడు దగ్గరికే పోయి గంటసేపు నిలబడి
నా మీదికి కొట్లాటకొచ్చిండు నర్సంపేటాయన ఒకడు.
తప్పు నాదే.
కొట్టేసింది సుత కనబడుతనే ఉండె.

అన్నీ రాయలేం.
ఆ గోడ చివరి గది ఎవ్వరూ పేరు పెట్టి అడగరు.
"అటు దిక్కు ఎట్ల పోవాలె" అంటరు, నేల చూసుకుంట.
అప్పుడు షట్టరు సగం దించి
నేనే నడుస్త వాళ్ల ముంగట.
"ఇంటికి తీస్కపొమ్మన్నరు,
బాగైనట్టా అక్కా, కానట్టా?"
ఇది రోజుకు ఇద్దరన్న అడుగుతరు.
దీనికోసం మార్కరు మూత తీసి చానసేపు పట్టుకున్న.
ఇంకు ఎండింది.

వానకు మెత్తబడ్డ రెండో అట్ట మార్చేటప్పుడు చూసిన:
కింద మూలకు, మోకాలెత్తుల,
పెన్సిలు రాత, వంకరటింకర:
మనం ఇంటికి ఎప్పుడు పోతం?

ఏ పిల్లనో, ఏ పిల్లగాడో.
మేడారం దిక్కోళ్లో, మంథనోళ్లో,
తల్లి వరుసల నిలబడితే
నా డబ్బా నీడకు కూసున్నట్టుంది.
కౌంటరు ఇవతల నుంచి
అంత కిందికి ఎన్నడు చూడలే నేను.

కొత్త అట్ట మీద అన్నీ ఎత్తి రాసిన.
ఐదో కిటికి, మూడు ఆధార్లు, చిల్లర, చెయ్యెత్తుడు.
ఆఖర్న, అదే మూలకు, అదే ఎత్తుల
మోకాళ్ల మీద కూసోని
మనం ఇంటికి ఎప్పుడు పోతం అని రాసి
పక్కన జాగ ఇడిసిన.

పది రోజులకు ఆ జాగల
నీలి పెన్నుతోని పెద్దోళ్ల చేతిరాత:
మేం ఇయ్యాల్నే పోతున్నం.

ఎవరో తెల్వది.
ఎట్ల పోయిండ్రో ఆ రాతల లేదు.
అక్షరాలు మాత్రం వణకలే,
వంగి, బాగ దగ్గరికి పోయి చూసిన.

"అక్కా, ఏం రాసినవ్ అట్ట మీద?"
ఎనకకెల్లి ఎవరో.
లేచి మోకాళ్ల మట్టి దులుపుకొని
మొదటి లైనుకెల్లి చదువుడు మొదలువెట్టిన.